ముక్కు ఆపరేషన్ సరే, ముందు ఆ డ్రాప్స్ సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 27. చదువుకునే రోజుల్లో బంతి తగిలి ముక్కు ఒక పక్కకు ఒరిగింది, పైన చిన్న బొడిపె కూడా ఉంది. ఫొటోల్లో పక్క నుంచి అస్సలు బాగోను. మూడు నెలల్లో నా పెళ్లి. ఈలోగా ఆపరేషన్ చేయించుకుంటే ముక్కు తిన్నగా అవుతుందా? నొప్పి బాగా ఉంటుందా? మచ్చ పడుతుందా? ఎన్ని రోజులు సెలవు పెట్టాలి? ఎడమ వైపు ఎప్పుడూ మూసుకుపోయి ఉంటుంది. రెండేళ్లుగా రాత్రిళ్లు డ్రాప్స్ వేసుకుంటేనే నిద్ర పడుతోంది.

జవాబు: బొడిపె గురించి ఇన్ని అడిగారు, డ్రాప్స్ గురించి ఒక్కటీ అడగలేదు. నాకు టెన్షన్ పెట్టింది మాత్రం ఆ చివరి మాటే.

పేరు రాయలేదు కానీ, మీరు వాడుతున్నది జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ లాంటిదే అయి ఉండాలి. ఇవి ముక్కు లోపలి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తాయి, నిమిషాల్లో గాలి ఆడుతుంది. మందు పవర్ తగ్గగానే అవే నాళాలు మళ్లీ ఉబ్బుతాయి. రోజుల తరబడి వాడితే ఆ ఉబ్బు మందు మొదలుపెట్టక ముందుకంటే ఎక్కువవుతుంది, దాంతో మళ్లీ చుక్కలు వేయాల్సి వస్తుంది. అందుకే వీటిని వరసగా ఐదు నుంచి ఏడు రోజులు మించి వాడకూడదు. మీరు రెండేళ్లు వాడారు! చీటీ లేకుండా దొరుకుతుంది కాబట్టి ఇదసలు మందే కాదన్నట్టు వాడేస్తారు చాలామంది. బీపీ ఉన్నవాళ్లకైతే ఇంకా ఇబ్బంది.

మీ ఎడమ వైపు మూతకు కారణం దెబ్బ వల్ల ఒరిగిన దూలమా (రెండు రంధ్రాల మధ్య గోడ), అలర్జీనా, డ్రాప్సేనా? ఉత్తరం చూసి చెప్పలేను. డ్రాప్స్ వాడుతూ ఉంటే, ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసే సర్జన్‌కి కూడా తేల్చడం కష్టం. దూలం చక్కగా సరిచేసినా లోపలి పొర వాచే ఉంటే మీకు గాలి ఆడదు, ఆపరేషన్ ఫెయిలయిందనుకుంటారు. ఇలా బాధపడుతూ రెండో అభిప్రాయం కోసం వచ్చేవాళ్లు ఉన్నారు.

అలాగని ఈ రాత్రి నుంచే పంతం పట్టి ఆపేయనక్కర్లేదు. ఈఎన్‌టీ డాక్టర్ చూసి, అవసరమైతే లోపలి వాపు తగ్గించే స్టిరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, డ్రాప్స్‌ని ముందు ఒక వైపు, తర్వాత రెండో వైపు మాన్పిస్తారు. స్ప్రే పూర్తిగా పనిచేయడానికి వారం, రెండు వారాలు పట్టొచ్చు, మధ్యలో కొన్ని రాత్రులు కష్టంగానే గడుస్తాయి. ఆ స్ప్రే కూడా మీరే కొనేసుకోకండి. ఒక వైపే మూసుకుపోతోందంటే ఎండోస్కోపీతో లోపల చూడాలి, పాలిప్ (లోపల పెరిగే మెత్తటి కండ) లాంటిది ఉండొచ్చు. ఆ వైపు నుంచి రక్తం, చెడు వాసన ఉన్న స్రావం వస్తుంటే అస్సలు ఆలస్యం చేయొద్దు.

ఇక మీరు అడిగినవి. రూపం, శ్వాస రెండూ కలిపి సరిచేసే ఆపరేషన్‌ని సెప్టోరైనోప్లాస్టీ అంటారు. పరీక్షలో దూలం వంకరే అని తేలితే మీకు సరిపోయేది అదే కావచ్చు. లోపలి సంగతి వదిలేసి పైన మాత్రం బాగా సన్నగా చెక్కించుకుంటే ఉన్న శ్వాస కూడా తగ్గే ప్రమాదం ఉంది. దెబ్బ తిన్న ముక్కు చాలావరకు తిన్నగా వస్తుంది, నూటికి నూరు పాళ్లూ వస్తుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వకూడదు. ముక్కులోని మెత్తటి ఎముక (మృదులాస్థి) కొంత పాత వంపుకే తిరిగి వెళ్తుంది. ఆపరేషన్ తర్వాత ముక్కు ఇలా ఉంటుందని కంప్యూటర్‌లో చూపించే బొమ్మ అంచనా మాత్రమే. వందలో ఐదు నుంచి పదిహేను మందికి మళ్లీ సరిచేయాల్సి రావచ్చు.

నొప్పి మీరు భయపడినంత ఉండదు. ముక్కు దిబ్బడేసి నోటితో గాలి పీల్చడమే ఎక్కువ చికాకు. లోపలి నుంచి చేస్తే బయట మచ్చ ఉండదు. ఓపెన్ పద్ధతిలో రెండు రంధ్రాల మధ్య చిన్న కోత పడుతుంది, చాలామందికి నెలల్లో కనపడనంతగా కలిసిపోతుంది. ముక్కు మీద పట్టీ దాదాపు వారం, కళ్ల కింద కమిలిన రంగు ఇంచుమించు రెండు వారాలు. సెలవు కూడా ఓ రెండు వారాలు అనుకోండి. కళ్లజోడు ముక్కు మీద ఆనించడం, ఆటలు, జిమ్ ఓ నాలుగు నుంచి ఆరు వారాలు మానాలి. ముక్కు కొన ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు మొద్దుబారినట్టు ఉండటం మామూలే.

పెళ్లి ముహూర్తానికి ముక్కు సిద్ధంగా ఉంటుందా అంటే, నా అంచనాలో కాదు. వాపు చాలావరకు కొన్ని వారాల్లో తగ్గినా, కొన దగ్గర అసలు రూపం తేలడానికి ఏడాది దాకా పడుతుంది. చర్మం మందంగా ఉంటే ఇంకా ఎక్కువే. పైగా డ్రాప్స్ మాన్పించే వారాలు ముందు గడవాలి. పెళ్లయ్యాక పెట్టుకోండి. దెబ్బ పాతదే కాబట్టి ఇంకొన్నాళ్లు ఆగినా రూపానికి వచ్చే నష్టం లేదు. ఈలోగా ఎవరైనా ఫిల్లర్ ఇంజెక్షన్‌తో (చర్మం కింద జెల్ లాంటిది ఎక్కించి) గంటలో సరిచేస్తామంటే తొందరపడకండి. ముక్కు దగ్గర ఫిల్లర్ రక్తనాళంలోకి వెళ్తే చర్మం చచ్చుపడటం, చూపు పోవడం అరుదే అయినా జరిగేవే.

ఆపరేషన్ ఖాయమయ్యాక నొప్పి మాత్రలు, ఆస్పిరిన్, మూలికా మందులు, విటమిన్ ఇ సహా ఏం వాడుతున్నా సర్జన్‌కి చెప్పండి. వీటిలో కొన్నింటివల్ల రక్తస్రావం ఎక్కువవుతుంది. ఏది ఎప్పుడు ఆపాలో ఆయన చెప్తారు, మీరుగా ఆపొద్దు. ఆపరేషన్ తర్వాత రెండు వారాలు ముక్కు చీదకండి, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, రక్తం ఆగకుండా కారుతున్నా మర్నాటి దాకా చూడకుండా అదే రోజు వెళ్లి చూపించుకోండి.