ఇంట్లో మాట వినే కుక్క వీధిలోకి రాగానే ఎందుకు వినదు?

ఇంట్లో ‘కూర్చో’ నేర్చిన కుక్కకు వీధిలో అదే మాట దాదాపు కొత్త పాఠం, కాబట్టి బయట మళ్లీ మొదటి నుంచి, దాని ధ్యాస మళ్లించేవాటికి దూరంగా ఉంచి నేర్పాలి. ఒకచోట నేర్చింది మరోచోట కూడా వర్తిస్తుందని కుక్కకు చప్పున తట్టదు. పైగా వీధి నిండా వాసనలే. ఉద్రేకం హద్దు దాటిందంటే మూతి దగ్గర పెట్టిన తిండిని కూడా పట్టించుకోదు, అప్పుడు ఏం చెప్పినా ఎక్కదు.

ఉదాహరణకు, మీ బీగిల్‌కు ఎదురుగా మరో కుక్క కనిపించింది. చెవులు నిక్కించినా బెల్టు లాగనంత దూరంలో ఆగండి. అటు చూసి మీ వైపు తల తిప్పిన క్షణంలోనే ‘శభాష్’ అని ఉడికించిన చికెన్ ముక్క పెట్టండి. కాస్త ఆలస్యమైనా ఎందుకు పెట్టారో దానికి అర్థం కాదు. ముక్క ముట్టలేదంటే ఇంకా వెనక్కి జరగాలి. ఇది కుదిరాకే, రోజుకు కొంచెం చొప్పున దగ్గరికి వెళ్లండి.

చాలామంది వీధిలో కుక్క మాట వినకపోవడాన్ని మొండితనం అనుకుని గొలుసు గుంజుతారు, కసురుతారు. అది చాలా అన్యాయం. వేరే కుక్క కనబడితే మెడ నొప్పి పుడుతుందని అది ముడిపెట్టుకోవచ్చు, ఆత్రం కాస్తా భయంగా మారి మీద పడి మొరగడం మొదలవ్వొచ్చు.