హర్స్ట్ విలువ తగ్గిందని సంబరపడే ముందు

శ్రీకాకుళం

చిట్టీ,

నీ మెయిల్ చదివాను. ఆటిజం ఉన్న పిల్లల మెదడు స్కాన్లలో హర్స్ట్ విలువ (సిగ్నల్ తన గతాన్ని ఎంతసేపు గుర్తుంచుకుంటుందో చెప్పే సంఖ్య) తగ్గింది, కాబట్టి మెదడులో ఉత్తేజం పెరిగి నిరోధం తగ్గిందని రాశావు. ఆ ‘కాబట్టి’ దగ్గరే కాస్త ఆగమ్మా.

మన నాగావళి వంతెన మీద నిలబడితే నీళ్ళెంత ఉన్నాయో కనబడుతుంది. ఎగువన వాన తగ్గిందో, నారాయణపురం ఆనకట్ట దగ్గర కాలవలకి ఎక్కువ మళ్ళించారో అక్కడినుంచి చెప్పలేం. మెదడు పనిచేస్తుంటే తీసే ఎఫ్ఎమ్ఆర్ఐ స్కాన్‌లో, రక్తంలో ఆక్సిజన్ మార్పుని చూపే బోల్డ్ సిగ్నలూ అంతే. ఉత్తేజపరిచే గ్లుటమేట్ కణాలు పనిచేసినా, నిరోధించే గాబా కణాలు పనిచేసినా ఆక్సిజన్ ఖర్చే. అందుకే సిగ్నల్ ఎత్తు వదిలేసి, అది కాలంతో ఎలా ఊగుతోందో చూస్తున్నారు. ఉత్తేజం పెరిగితే స్పెక్ట్రం (నెమ్మది ఊపులు, వేగం ఊపులు ఎంతెంతున్నాయో చూపే గీత) చదునై హర్స్ట్ తగ్గుతుందని 2020లో ట్రాకోషిస్ అనే పరిశోధకుడి బృందం కంప్యూటర్ మోడల్లోనూ ఎలుకల్లోనూ చూపించింది. మనుషుల దగ్గరికొచ్చేసరికి, ఆటిజం ఉన్న మగవాళ్ళలో నుదుటి వెనక ఒక భాగంలో తగ్గింది, ఆడవాళ్ళలో తగ్గలేదు. నువ్వేమో అందర్నీ ఒకే గుంపులో కలిపేశావు!

నాకు అసలు భయం తల కదలిక. స్కానర్లో గుంట ఒక్కసారి ఉలిక్కిపడితే సిగ్నల్లో ముల్లులా స్పైక్ లేస్తుంది. స్పెక్ట్రం చదునవుతుంది, హర్స్ట్ పడిపోతుంది. అంటే నువ్వు వెతికే ఫలితమే తప్పుడు దారిలో చేతికొస్తుంది. పైగా ఆటిజం ఉన్న పిల్లలు స్కాన్‌లో ఎక్కువ కదలడం మామూలే. చెడ్డ ఫ్రేములు కోసి మిగతావి అతికించకు, వరస తెగిపోతుంది. బాగా కదిలిన స్కాన్‌ని మొత్తంగా పక్కన పెట్టు.

నేనూ ఓసారి మునిగాను. పాత స్క్రిప్టులో 0.01 నుంచి 0.1 హెర్ట్జ్ మధ్య ఊపుల్నే ఉంచి మిగతావి తీసేసే బ్యాండ్‌పాస్ ఫిల్టర్ ఉండిపోయింది. నేను కొలిచింది మెదడు స్పెక్ట్రం వాలు కాదు, ఫిల్టర్ గీసిన గీత. మూడు నెలల పని గంగపాలు. నీ కోడ్‌లో ఆ లైనుందేమో ఇవాళే చూడు.

5 నిమిషాల స్కాన్‌లో 2 సెకన్లకో బొమ్మ చొప్పున 150 పాయింట్లు. హర్స్ట్ లెక్కకి చాలా తక్కువ. 10 నిమిషాలు తీయమని అడుగు, పిల్లలు నిద్రపోకుండా చూడు.

వీలైతే కొందరికి, మెదడులో గాబా ఎంతుందో స్కానర్‌తోనే కొలిచే గాబా స్పెక్ట్రోస్కోపీ చేయించు. 3 టెస్లా స్కానర్లో గాబా శిఖరం క్రియాటిన్ అనే ఇంకో రసాయనం శిఖరం కింద దాక్కుంటుంది, మెగా-ప్రెస్ అనే స్కాన్ పద్ధతితో విడదీయాలి. అయినా 3 సెంటీమీటర్ల ఘనంలో ఉన్న గాబా అంతా కలిపి లెక్కకొస్తుంది, కణాలు ఒకదానితో ఒకటి కలిసే సినాప్స్‌లో పనిచేసేది ఒక్కటే కాదు.

రథసప్తమికి ఎలాగూ వస్తావు. ఈలోగా ఒక్కో పిల్లాడి కదలికకి ఎదురుగా హర్స్ట్ పెట్టి ఒక ప్లాట్ గీసి పంపు, ఫిల్టర్ తీసేసి.

మీ మావయ్య