అమెరికాలో మా ఆవిడ ఈఏడీ కార్డు (ఉద్యోగం చేసుకోవడానికిచ్చే అనుమతి కార్డు) పోస్టు ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ అని చూపిస్తోంది, మెయిల్‌బాక్స్‌లో మాత్రం లేదు. మళ్ళీ ఫీజు కట్టాల్సిందేనా?

అప్పుడే ఫీజు మాట ఎత్తకండి. ముందు పోస్టాఫీసుకి వెళ్ళండి. ఫోన్ చేస్తే పని జరగదు, మనిషి వెళ్ళాలి. నాలుగు రోజులైందని రాశారు, ఇంక ఒక్క రోజు కూడా ఆగకండి.

2019 అక్టోబరులో నాకు అచ్చం ఇదే జరిగింది. హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద వచ్చి మూడేళ్ళు ఇంట్లో కూర్చున్నాక మా ఆయన ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) అప్రూవ్ అయింది, నా ఈఏడీకి పెట్టుకున్నాం. హెచ్4 వాళ్ళకి ఈ అవకాశం వచ్చిందే 2015 మే నెలలో. అంతకు ముందు వచ్చిన అక్కలు చదివిన చదువంతా అటక మీద పెట్టి ఎన్నేళ్ళు గడిపారో వాళ్ళనే అడగండి, చెబుతారు. నెలల తరబడి ఎదురు చూశాక కార్డు పోస్టు చేశామని మెసేజ్ వచ్చింది. అప్పటికే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది, సోమవారం చేరాలి. చేరిన 3 పనిదినాల్లోపు ఐ-9 ఫారం (ఉద్యోగం చేసే అర్హత ఉందో లేదో కంపెనీ చూసుకునే ఫారం) కోసం అసలు కార్డు చూపించాలి. అప్రూవ్ అయిందని స్క్రీన్‌షాట్ చూపిస్తే ఒప్పుకోరు.

గురువారం మధ్యాహ్నం ఫోన్‌లో ‘డెలివర్డ్’ అని పడింది. పొయ్యి కట్టేసి కిందికి పరిగెత్తాను. తాళం తీస్తే పిజ్జా కూపన్లు, కిరాణా కొట్టు కాగితాలు, మాకు ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళ పేరు మీద ఏదో బిల్లు. చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి తడిమాను, రేకు చల్లగా తగిలింది తప్ప కాగితం తగల్లేదు. అపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగితే మాకేం రాలేదన్నారు. ఇమ్మిగ్రేషన్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, అందినట్టు రికార్డులో ఉంటే మళ్ళీ అప్లై చేసుకోవడమే అన్నారు. అప్పట్లో ఫీజు 410 డాలర్లు. 2024 ఏప్రిల్‌లో కాగితం మీద పంపేదానికి 520 చేశారు. డబ్బు ఎలాగో కడతాం, మళ్ళీ అన్ని నెలలు ఎక్కణ్ణుంచి తెస్తాం? ఆ రాత్రి అన్నం ముద్ద దిగలేదు.

శుక్రవారం పొద్దున్నే తలుపులు తీసేసరికి పోస్టాఫీసు ముందు ఉన్నాను. కౌంటర్లో ఒక పెద్దావిడ నా ట్రాకింగ్ నంబరు కొట్టి, లోపలికి వెళ్ళి వచ్చి, స్క్రీన్ నా వైపు తిప్పింది. పోస్ట్‌మ్యాన్ చేతిలో ఉండే స్కానర్ ఎక్కడ నిలబడి స్కాన్ చేశారో కూడా గుర్తు పెట్టుకుంటుందని నాకు అప్పుడే తెలిసింది. మ్యాపులో చుక్క మా బిల్డింగ్ దగ్గర లేదు, స్విమ్మింగ్ పూల్‌కి అవతలి వైపు మెయిల్‌బాక్సుల దగ్గర ఉంది. మా ఫ్లాట్ 1127. ఆ వైపు 1172 ఉంది.

వెళ్ళి తలుపు కొడితే ఎవరూ లేరు. పేరు, ఫ్లాట్ నంబరు, ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసి తలుపుకి ఒకటి, మెయిల్‌బాక్సుల దగ్గర ఒకటి అంటించి వచ్చాను. రాత్రి ఎనిమిదింటికి తలుపు చప్పుడైంది. అరవై దాటిన మెక్సికో ఆవిడ, పక్కన పదేళ్ళ మనవడు. కవరు ఆవిడ చేతిలోనే ఉంది, అంటు కూడా విప్పలేదు. నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు. తన ముందే చింపమని సైగ చేసింది. చింపి కార్డు బయటికి తీస్తే, ఫొటో వంక, నా మొహం వంక రెండుసార్లు చూసి, అప్పుడు తలూపింది. “పపేలెస్” అని ఒక్క మాట అంది. కాగితాలు అని అర్థమట, మనవడు చెప్పాడు. ఆవిడ కూడా ఎన్నో ఏళ్ళు కాగితాల కోసం ఎదురు చూసిన మనిషేనని ఆ మాట అన్న తీరులోనే తెలిసిపోయింది. లోపలికి రమ్మంటే రాకుండా వెళ్ళిపోయింది.

ఆవిడ చేసిన పని పోస్టులో ఎవరూ ఎందుకు చేయరన్నదే నా బాధ. మనిషిని చూసి, కార్డు చూసి చేతికివ్వడం. 2018 ఏప్రిల్ నుంచి ఇమ్మిగ్రేషన్ వాళ్ళు, అందక తిరిగొచ్చిన కార్డుల్ని మళ్ళీ పంపేటప్పుడు గుర్తింపు చూసి, సంతకం తీసుకుని ఇచ్చే పద్ధతి పెట్టారు. ఒకసారి పోగొట్టుకున్నాక చేసే జాగ్రత్త మొదటిసారే చేస్తే ఏం పోయింది? సోషల్ సెక్యూరిటీ కార్డు పోతే ఉచితంగానే ఇంకోటి ఇస్తారు. మన బతుకుతెరువంతా ఆధారపడిన ఈ కార్డుకే ఎందుకింత నిర్లక్ష్యం? మా తెనాలి వైపు రిజిస్టరు ఉత్తరం వస్తే పోస్ట్‌మ్యాన్ వీధి మొదట్లోంచే మా నాన్నని పేరు పెట్టి పిలిచేవాడు, సంతకం పెట్టేదాకా కవరు వదిలేవాడు కాదు. 2025లో ఆ రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారని విన్నప్పుడు మనసుకి కష్టంగా అనిపించింది.

మన ఆడవాళ్ళకి ఇంకో చిక్కుంది. లీజు మొగుడి పేరు మీద ఉంటుంది, పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. కొత్త పోస్ట్‌మ్యాన్‌కి ఈ పేరు గలావిడ ఇక్కడ ఉన్నట్టు ఎలా తెలుస్తుంది? వెనక్కి పంపేస్తాడు. మెయిల్‌బాక్స్ లోపల ఇద్దరి పేర్లూ పూర్తిగా రాసి అంటించండి, ఈ రోజే. మీరు ఈ మధ్య ఇల్లు మారారా? పోస్టాఫీసులో అడ్రసు మార్పు ఇచ్చాం కదా అని ఊరుకుంటే కుదరదు. ఇమ్మిగ్రేషన్ కవర్లని కొత్త అడ్రసుకి ఫార్వర్డ్ చేయరు, పంపినవాళ్ళకే తిప్పి పంపుతారు. మారిన 10 రోజుల్లో ఏఆర్-11 (ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి అడ్రసు మార్పు తెలిపే ఫారం) విడిగా పెట్టాలి. స్నేహితుల ఇంటి అడ్రసు, కన్సల్టెన్సీ అడ్రసు ఇచ్చే అలవాటు మాత్రం దయచేసి మానండి. కన్సల్టెన్సీ వాళ్ళ సొరుగులో రెండు నెలలు పడున్న అప్రూవల్ నోటీసు నేను కళ్ళారా చూశాను.

ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి ఆన్‌లైన్‌లో కార్డు అందలేదని ఎంక్వైరీ కూడా పెట్టి ఉంచండి, తిరిగొచ్చిన కార్డయితే దానితోనే దొరకొచ్చు. కానీ రేపు పొద్దున మీ ఆవిడని కూడా తీసుకెళ్ళండి, పాస్‌పోర్టు పట్టుకోమనండి. ట్రాకింగ్ నంబరు కాగితం మీద రాసివ్వండి. ఎక్కడ స్కాన్ చేశారో మ్యాపులో చూపించమని అడగండి. మొదట కుదరదంటారు, సూపర్‌వైజర్‌ని పిలవమనండి. చూపించేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి.