14 ఫైటర్లు కొంటే రోజూ ఎగిరేవి ఎన్ని? చిన్న దేశం యుద్ధ విమానం ఎంచుకునే లెక్క

స్లొవేకియా, క్రొయేషియాలాంటి చిన్న దేశాలు పన్నెండో పద్నాలుగో యుద్ధ విమానాలు కొంటాయి కదా, ఏది మంచిదో ఎలా తేలుస్తారని అడిగారు. బ్రోషర్‌లో రాసిన వేగం, రాడార్ దూరం ముందు పక్కన పెట్టండి. మెయింటెనెన్స్ వైపు పనిచేసేవాళ్లం మొదట అడిగేది ఒకటే: అర్ధరాత్రి సైరన్ మోగితే 15 నిమిషాల్లో రెండు విమానాలు పైకి లేస్తాయా? ఏడాదిలో ఏ రోజైనా లేస్తాయా?

2014 ఫిబ్రవరి 17 తెల్లవారుజామున ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని దాని కో-పైలటే హైజాక్ చేసి జెనీవాలో దించాడు. దాని వెంట వచ్చినవి ఇటలీ, ఫ్రాన్స్ ఫైటర్లు. స్విట్జర్లాండ్ దగ్గర మంచి ఎఫ్-18లే ఉన్నాయి, కానీ అప్పట్లో వాళ్ల డ్యూటీ ఆఫీసు వేళల్లోనే. 24 గంటల కాపలా 2020 చివరికి గానీ పూర్తిగా అమల్లోకి రాలేదు. విమానాలకంటే ముందు మనుషుల్ని లెక్కపెట్టాలనేది అందుకే.

కాపలాలో ఎప్పుడూ ఇద్దరు పైలట్లు కావాలి. 24 గంటల షిఫ్టు అనుకుంటే నెలకు 60 డ్యూటీలు. ఒక్కొక్కరు అయిదు చేస్తే 12 మంది. సెలవులు, కోర్సులు, అనారోగ్యం, కొత్తవాళ్లకు నేర్పే ఇన్‌స్ట్రక్టర్లు అన్నీ కలిపితే 16 నుంచి 18 మంది అవుతారు. నాటోలో పైలట్‌కు ఏడాదికి 180 గంటలు అన్నది బాగా వాడుకలో ఉన్న కొలమానం. తగ్గించి 150 అనుకున్నా, 16 మందికి 2,400 గంటలు కావాలి. 14 విమానాల మీద పంచితే ఒక్కోదానికి 170 పైమాటే.

ఇప్పుడు ఆ 14 ఎక్కడెక్కడ ఉంటాయో చూడండి. రెండు కాపలాలో, వాటికి తోడు సిద్ధంగా ఒకటి. పీరియాడిక్ ఇన్‌స్పెక్షన్‌లో విప్పి పెట్టినవి రెండో మూడో. పార్టు కోసం ఎదురుచూసేవి ఒకటో రెండో. మిగిలిన ఆరు నుంచి ఎనిమిదింటితోనే శిక్షణంతా నడవాలి. ఎనిమిదే కొంటే? కాపలాకు మూడు, ఇన్‌స్పెక్షన్‌కు రెండు, పార్టుల కోసం ఒకటి పోగా రెండు మిగులుతాయి. ఆ రెండింటితో పైలట్లకు గంటలు నిండవు, చేతి అలవాటు తప్పుతుంది. చెక్, హంగరీ, స్లొవేకియా మూడూ 12 సింగిల్ సీటు, 2 డబుల్ సీటు లెక్కకే వచ్చాయి. బల్గేరియా 2019లో 8 ఎఫ్-16లు ఆర్డర్ చేసి, 2022లో మరో 8 తీసుకోవాల్సి వచ్చింది. ప్రమాదాలకూ చోటు ఉంచాలి: 2015లో నెల తిరగకుండానే హంగరీవి రెండు గ్రిపెన్లు (స్వీడన్ తయారీ ఫైటర్లు) దెబ్బతిన్నాయి. పెద్ద దేశానికి రెండు విమానాలు పెద్ద లోటు కాదు, 14 ఉన్నవాళ్లకు అది ఏడో వంతు.

ధర దగ్గర చాలామంది పొరబడతారు. బల్గేరియా మొదటి ఒప్పందం సుమారు 125 కోట్ల డాలర్లు. ఎనిమిదితో భాగిస్తే ఒక్కోటి 15 కోట్ల డాలర్లు దాటుతుంది. అది విమానం ధర కాదు, మొత్తం ప్యాకేజీ ధర. అందులో స్పేర్లు, ఆయుధాలు, శిక్షణ, నేల మీది పరికరాలు ఉంటాయి. ఇద్దరు అమ్మకందార్ల ధరల్ని ఇలా భాగించి పోల్చకండి. ఇద్దరికీ ఒకే జాబితా ఇచ్చి కొటేషన్ అడగండి. స్పేర్ ఇంజిన్లు ఎన్ని (స్లొవేకియాకు 2018లో అమెరికా ఆమోదించిన ప్యాకేజీలో 14 విమానాలకు 16 ఇంజిన్లు), క్షిపణులు ఎన్ని, శిక్షణకు వాడే డమ్మీ క్షిపణులు ఎన్ని? ఈ డమ్మీల్ని అనవసర ఖర్చని కొట్టేస్తుంటారు. కానీ అసలు క్షిపణిని రెక్క కింద తగిలించుకుని ఎగిరిన ప్రతి గంటా దాని ఆయుష్షులోంచి పోతుంది. డమ్మీలు లేకపోతే రోజువారీ శిక్షణలోనే ఖరీదైన క్షిపణులు అరిగిపోతాయి.

ధర తగ్గించడానికి పరికరాలు కోసేయడం ఇంకో ఉచ్చు. ఆస్ట్రియా 2007లో తన యూరోఫైటర్ ఆర్డర్‌ను 18 నుంచి 15కు తగ్గించుకుంది. వాటిలో ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ లేదు, ఆత్మరక్షణ వ్యవస్థ లేదు. అంత ఖరీదైన విమానం కొని, పనికొచ్చే సరంజామా వదిలేసినట్టయింది.

బేస్‌లో మార్చాల్సినవి కూడా ముందే రాసుకోవాలి. మిగ్‌ల నుంచి ఎఫ్-16కు మారితే పానాలు, స్క్రూల కొలతలే మారతాయి, మిల్లీమీటర్ల బదులు అంగుళాలు. ఎఫ్-16 గాలి పీల్చే నోరు పొట్ట కింద, నేలకు దగ్గరగా ఉంటుంది, రన్‌వే మీద గులకరాయి కనబడకూడదు. ఇంజిన్ ఆగితే కంట్రోల్స్‌కు కరెంటు, హైడ్రాలిక్ శక్తి ఇవ్వడానికి అందులో ఒక ఎమర్జెన్సీ యూనిట్ ఉంటుంది. దాని ఇంధనం 70 శాతం హైడ్రజీన్, 30 శాతం నీరు. హైడ్రజీన్ విషం. అది పనిచేసి దిగిన విమానం దగ్గరికి మామూలు టెక్నీషియన్ వెళ్లకూడదు. శ్వాస పరికరాలు, ప్రత్యేక దుస్తులు ఉన్న బృందం వచ్చి లీకు లేదని తేల్చాలి. ఆ ట్యాంకు నింపడానికి వేరే గది, వేరే శిక్షణ. గ్రిపెన్‌కు, రఫేల్‌కు ఈ బెడద లేదు. గాల్లో ఇంధనం నింపడంలోనూ తేడా ఉంది: ఎఫ్-16కు ట్యాంకర్ నుంచి బూమ్ (గట్టి గొట్టం) దిగాలి, గ్రిపెన్, రఫేల్ మాత్రం ట్యాంకర్ వదిలే మెత్తటి గొట్టం చివరి బుట్టలో తమ ప్రోబ్ (ముందుకు పొడుచుకొచ్చే గొట్టం) దూరుస్తాయి. సొంత ట్యాంకర్ లేని దేశం పొరుగువాళ్ల ట్యాంకర్ ఏ రకమో చూసుకోవాలి.

ఎజెక్షన్ సీటులోని పేలుడు కార్ట్రిడ్జులకు కేలెండర్ గడువు ఉంటుంది, ఎగిరినా ఎగరకపోయినా. ఆర్డర్ ఆలస్యమైతే మిగతాదంతా బాగున్న విమానం కూడా షెడ్‌లో కూర్చుంటుంది. సపోర్ట్ ఒప్పందం తెగితే ఏమవుతుందో దక్షిణాఫ్రికా చూపించింది. 2021-22లో వాళ్ల గ్రిపెన్లు నేలకే పరిమితమయ్యాయి.

ఎవరి అనుమతి కావాలన్నది సంతకానికి ముందే తేలాలి. క్రొయేషియా 2018లో ఇజ్రాయెల్ వాడిన 12 ఎఫ్-16లు ఎంచుకుంది. ఎఫ్-16 తయారీ దేశం అమెరికా ఒప్పుకోకపోవడంతో 2019 జనవరిలో బేరం పోయింది. ఆ తర్వాత 2021లో ఫ్రాన్స్ నుంచి వాడిన 12 రఫేల్‌లు 99.9 కోట్ల యూరోలకు తీసుకుంది, అవి చెప్పినట్టే వచ్చాయి. అర్జెంటీనా దక్షిణ కొరియా తేలికపాటి ఫైటర్ ఎఫ్ఏ-50 కొనబోతే, అందులో బ్రిటిష్ పార్టులు ఉండి, బ్రిటన్ ఒప్పుకోకపోవడంతో 2020లో ఆగిపోయింది. గ్రిపెన్ స్వీడన్‌దే అయినా దాని ఇంజిన్‌కు మూలం అమెరికాది. పార్టుల జాబితా దేశాలవారీగా అడిగి తీసుకోండి.

పాతవి ఆపే రోజుకూ కొత్తవి దిగే రోజుకూ మధ్య ఖాళీ ఉంటుందనే అనుకోండి. స్లొవేకియా 2022 ఆగస్టులో మిగ్-29లు ఆపేసింది. కొత్త ఎఫ్-16లు దేశంలోకి రావడం 2024 జూలైలో గానీ మొదలవలేదు. మధ్యలో ఆకాశాన్ని కాసింది పోలండ్, చెక్ విమానాలు. అలాంటి పొరుగువాళ్లు లేకపోతే నా ఓటు లీజుకే. చెక్ 2005 నుంచి 14 గ్రిపెన్లను లీజు మీద నడిపి, తీరిగ్గా ఆలోచించుకుని 2024లో 24 ఎఫ్-35లకు సంతకం పెట్టింది. లీజులో గంటల పరిమితి, దాటితే అదనపు రుసుము, ప్రమాదంలో పోతే ఎవరు భరిస్తారు అనే మూడు క్లాజులు వకీలుతో పాటు ఒక స్క్వాడ్రన్ ఇంజినీర్ చేత కూడా చదివించాలి.

మన తేజస్ ఎందుకు కాదు అని తప్పకుండా అడుగుతారు. విమానం చిన్నది, పని చేసేది, హైదరాబాద్ భారత్ డైనమిక్స్ (బీడీఎల్)లో తయారయ్యే అస్త్ర క్షిపణి తోడుంది. ఇది మనవాళ్లు గట్టిగా అమ్మాలనే నా కోరిక. అయినా 2023లో మలేషియా ఎఫ్ఏ-50నే ఎంచుకుంది. మన వైమానిక దళం 2021లో 83 తేజస్‌లు, 2025లో మరో 97 ఆర్డర్ చేసింది. తేజస్‌కు వాడే అమెరికా ఎఫ్-404 ఇంజిన్ల రాక ఆలస్యమై మొదటి ఆర్డరే వెనకబడింది. కొనే దేశం ఈ క్యూలో తన చోటు ఎక్కడో అడుగుతుంది. కాబట్టి తేజస్ టెండర్‌లో ఉంటే, డెలివరీ తేదీ పక్కనే ప్రతి విమానానికీ ఇంజిన్ చేరే తేదీ, అది తప్పితే పరిహారం ఎంతో కూడా అదే పేజీలో రాయించుకోవాలి.