సీటు వచ్చింది, ఫీజు సంగతేమిటి?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైన దగ్గర నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి అడుగుతున్నాయి. పిల్లలకు సీటు వచ్చింది, ఫీజుకు సాయం ఎక్కడ దొరుకుతుంది, ఎలా అడగాలి అని. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చిన ఐదు ఉత్తరాలకు ఈసారి సమాధానం ఇస్తున్నాను. ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో స్కాలర్‌షిప్పుల సెక్షన్ చూసిన ఏళ్లలో, అర్హత లేక వెనక్కి వెళ్లిన పిల్లల కంటే, అన్ని అర్హతలూ ఉండి కాగితాల్లో ఏదో చిన్న తేడా వల్ల సాయం పోగొట్టుకున్న పిల్లలే నా బల్ల ముందు ఎక్కువగా నిలబడ్డారు. అందుకే కాగితాల సంగతి కాస్త విసుగు పుట్టించేంత వివరంగా రాస్తున్నాను.

మావాడికి కన్వీనర్ కోటాలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. మాకు ఆరెకరాల మెట్ట, రేషన్ కార్డు ఉన్నాయి. ఏటా పంటలు అయిపోగానే సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, గుంటూరు వైపు పోతాము. ఫీజు ప్రభుత్వమే కడుతుందా? మేము ఊళ్లో లేనప్పుడు వేలిముద్ర అడిగితే ఏం చేయాలి?
— ఒక తండ్రి, కోసిగి మండలం, కర్నూలు జిల్లా

మీ అబ్బాయికి వచ్చింది కన్వీనర్ కోటా సీటు, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా ఇచ్చే సీటు, కావడమే ఇక్కడ అన్నిటికంటే మంచి సంగతి. యాజమాన్య కోటాలో గానీ, మిగిలిపోయిన సీట్లను అక్కడికక్కడ ఇచ్చే స్పాట్ అడ్మిషన్‌లో గానీ చేరిన వారికి రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తించదు. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షల రూపాయలు దాటకూడదు. భూమి అయితే మాగాణి 10 ఎకరాల లోపు, మెట్ట 25 ఎకరాల లోపు, రెండూ కలిసి ఉంటే మొత్తం 25 ఎకరాల లోపు ఉండాలి. మన పడమటి మండలాల్లో ఎకరాలు చూసుకుని, ఇంత భూమి ఉంటే మనకు రాదులే అని దరఖాస్తే పెట్టకుండా ఊరుకున్న రైతులను నేనెరుగుదును. మెట్ట రైతుకు ఆ భయం అక్కర్లేదు, మీ ఆరెకరాలు అడ్డు కానే కావు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవారు, సొంతానికి వాడుకునే కారు ఉంటే రాదు. ట్రాక్టరు, ఆటో, టాక్సీలకు మినహాయింపు ఉంది, పారిశుధ్య కార్మికుల కుటుంబాలకూ ఉంది.

పేర్ల విషయంలో చాలామంది తికమక పడుతున్నారు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంటుగా జనం నోట నానిన ఈ సాయం, మధ్యలో విద్యా దీవెన, వసతి దీవెన అయింది. 2024 జూన్‌లో మళ్లీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అనే పేరుకు వచ్చింది. బోధన ఫీజు ఒక భాగం, హాస్టలు, భోజనం ఖర్చుల కోసం ఇచ్చేది ఇంకో భాగం. మధ్యలో కొన్నేళ్లు ఫీజు డబ్బు తల్లి ఖాతాలో పడేది, ఇప్పుడు నేరుగా కళాశాల ఖాతాకే చేరేలా మార్చారు. కనుక అమ్మ ఖాతాలో పడలేదని కంగారు పడవద్దు. అయితే ప్రభుత్వం విడుదల చేసేది విడతలుగా, ఒక్కోసారి ఆలస్యంగా. అందువల్ల చేరేటప్పుడే, ప్రభుత్వం ఇచ్చే ఫీజు పోగా మీరు చేతి నుంచి కట్టవలసింది ఎంత, ఎప్పుడెప్పుడు అనేది కళాశాల కార్యాలయంలో కాగితం మీద రాయించుకోండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.

దరఖాస్తు జ్ఞానభూమి వెబ్‌సైటులో కళాశాల ద్వారా నడుస్తుంది. విద్యార్థి వివరాలు కళాశాల నమోదు చేశాక, కుటుంబ వివరాలను గ్రామ సచివాలయంలోని వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్ పరిశీలిస్తారు. ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఇక్కడే. పదో తరగతి సర్టిఫికెట్టులో అబ్బాయి పేరుకు ముందు కురువ అనో బోయ అనో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో అదే కె అనో బి అనో ఒక్క అక్షరంగా మిగులుతుంది, బ్యాంకు పాస్‌బుక్కులో అదీ ఉండదు. మనకు ముగ్గురూ ఒక్క మనిషే, కంప్యూటరుకు మాత్రం ముగ్గురు మనుషులు. పదో తరగతి సర్టిఫికెట్టును ఆధారంగా పెట్టుకుని ఆధార్‌నూ, ఆధార్‌ను చూపి బ్యాంకు ఖాతానూ దిద్దించండి. వరుస తిరగేస్తే అయిన పనే మళ్లీ చేయవలసి వస్తుంది.

ఇంకొక మాట. బ్యాంకు ఖాతాకు ఆధార్ నంబరు ఇవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో చెప్పే ఎన్‌పీసీఐ పట్టికలో ఆ ఖాతా ఎక్కడం వేరు. మొదటిది అయితే రెండోదీ అయిపోయిందని అనుకుంటాము. మేనేజరును అడిగేటప్పుడు, మా ఆధార్ ఎన్‌పీసీఐలో మీ బ్యాంకుకే మ్యాప్ అయి ఉందా అని ఈ మాటల్లోనే అడగండి. మన జిల్లాల్లో చాలామందికి ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు ఖాతాలే ఉన్నాయి. ఆ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది కనుక, పాత పాస్‌బుక్కు పట్టుకుని ఒకసారి శాఖకు వెళ్లి ఖాతా వివరాలు సరిచూసుకోవడం మంచిది.

ఇక సుగ్గి సంగతి. ఆదాయ, కుల ధ్రువపత్రాలు, ఆధార్ సవరణలు, కుటుంబం తరఫున వేయవలసిన వేలిముద్రలు అన్నీ ఊరు కదలకముందే పూర్తి చేసుకోండి. అడ్మిషన్ కాగితం చేతికి వచ్చిన వారంలోనే సచివాలయానికి వెళ్లి, మా కుటుంబం తరఫున ఇంకా ఏమైనా మిగిలిందా అని అడగండి. మిరపకాయలు కోసీ కోసీ వేళ్ల గీతలు అరిగిపోయి, యంత్రం మీద నాలుగైదు సార్లు వేలు పెట్టినా తీసుకోక, కూలి పోగొట్టుకుని వచ్చిన తల్లి ఉత్త చేతులతో తిరిగిపోవడం నేను చూశాను. అలాంటి వారు ఆధార్ కేంద్రంలో వేలిముద్రలతో పాటు కంటిపాపనూ కొత్తగా నమోదు చేయించుకోవాలి, మీ దగ్గర ఎప్పుడూ ఉండే ఫోను నంబరునే ఆధార్‌కు ఇవ్వాలి. అబ్బాయికి మాత్రం ఒక్కటే చెప్పండి: హాజరు 75 శాతం తగ్గితే ఇదంతా వృథా అవుతుంది, సుగ్గి పనికి సాయంగా రమ్మని మీరు కూడా పిలవవద్దు.

ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చాయి, అనంతపురంలో బీఎస్సీలో చేరాను. నాన్న ప్రైవేటు బడిలో ఉపాధ్యాయుడు, ఏడాదికి 3 లక్షల 20 వేల ఆదాయం. రెండున్నర లక్షలు దాటింది కాబట్టి మాకు ఏమీ రాదని అందరూ అంటున్నారు. చెల్లెలు పాలిటెక్నిక్‌లో చేరుతోంది. నిజంగా ఏ సాయమూ లేదా?
— ఒక విద్యార్థిని, ఉరవకొండ, అనంతపురం జిల్లా

ఉందమ్మా. రాష్ట్ర పథకం గీత దాటిన కుటుంబాలకు కేంద్ర పథకాలు ఉన్నాయని చెప్పేవారు లేక, మీలాంటి పిల్లలు ఏటా నష్టపోతున్నారు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కళాశాల, విశ్వవిద్యాలయ విద్యార్థుల కోసం కేంద్ర విద్యాశాఖ ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటి ఉంది. దేశం మొత్తం మీద ఏటా కొత్తగా 82,000 మందికి ఇస్తారు, అందులో సగం అమ్మాయిలకే. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే చాలు. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000, ఆ తర్వాత పీజీలో ఏడాదికి 20,000 రూపాయలు మీ ఖాతాలోనే పడతాయి.

అర్హతలో 80 పర్సంటైల్ అనే మాట చూసి, 80 శాతం మార్కులు అనుకోవద్దు. మీ బోర్డులో పరీక్ష రాసిన వారిలో పైనున్న 20 శాతం మందిలో మీరు ఉండాలని దాని అర్థం. ముందుగా పోర్టల్‌లో ఒక్కసారి చేసుకునే రిజిస్ట్రేషన్ ఉంటుంది, అప్పుడు వచ్చే 14 అంకెల నంబరును నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి, చదువు పూర్తయ్యే దాకా అదే నంబరు. దరఖాస్తు పంపగానే పని అయిపోదు. మీ కళాశాలలోని నోడల్ అధికారి దాన్ని సరిచూసి పైకి పంపాలి. గడువు చివరి రోజుల్లో ఆయన ముందు వందల దరఖాస్తులు ఉంటాయి, అందుకని తొలి వారాల్లోనే ఇవ్వండి, ఇచ్చాక వెళ్లి గుర్తు చేయండి. అది అడుక్కోవడం కాదు, మీ హక్కు. ప్రతి ఏడూ 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉంటే పునరుద్ధరిస్తారు, పునరుద్ధరణకు మాత్రం మీరే మళ్లీ దరఖాస్తు చేయాలి. మరో స్కాలర్‌షిప్పో ఫీజు రీయింబర్స్‌మెంటో పొందుతున్న వారికి ఇది రాదు. మీకు ఆ ఇబ్బంది లేదు.

మీ చెల్లెలికి ఇంకా పెద్ద సాయం ఉంది. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి, అంటే ఏఐసీటీఈ, ప్రగతి పేరుతో అమ్మాయిలకు ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తుంది. ఆ మండలి గుర్తింపు ఉన్న సంస్థలో డిప్లొమా లేదా ఇంజనీరింగ్ వంటి సాంకేతిక డిగ్రీ మొదటి ఏడాదిలో గానీ, నేరుగా రెండో ఏడాదిలో గానీ చేరి ఉండాలి, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకూ ఇస్తారు. ఎంపిక ప్రతిభను బట్టి కనుక తప్పక వస్తుందని చెప్పలేను, అయినా దరఖాస్తు చేయకుండా ఉండటానికి కారణం ఏదీ లేదు. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న విద్యార్థులకు ఇదే మొత్తం సక్షమ్ పేరుతో ఇస్తున్నారు.

మేము ఎస్సీలము, నేను బేల్దారి పని చేస్తాను. డిగ్రీ చదివే మా అమ్మాయి ఖాతాలో కిందటేడు డబ్బు పడితే, ప్రభుత్వం ఖర్చులకు ఇచ్చిందనుకుని వాడుకున్నాము. ఇప్పుడు అది ఫీజు డబ్బని, కట్టకపోతే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమని కళాశాల అంటోంది.
— ఒక తండ్రి, బద్వేలు, కడప జిల్లా

మీరు చేసినది మోసం కాదు, మీకు ఎవరూ చెప్పలేదు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం 60 వంతులు, రాష్ట్రం 40 వంతులు భరించాలని 2020 డిసెంబరులో నిర్ణయించారు. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలోకే వస్తుంది. అందులో ఫీజు భాగమూ ఉంటుంది, విద్యార్థి సొంత ఖర్చులకు ఇచ్చే భత్యమూ ఉంటుంది. కనుక ముందు కళాశాల కార్యాలయంలో మీ అమ్మాయి పేరు మీద ఏ ఏడాదికి ఎంత ఫీజు, రాష్ట్రం నుంచి ఎంత చేరింది, ఆమె కట్టవలసింది ఎంత అనే లెక్క రాసి ఇమ్మని అడగండి. ఖాతాలో పడిన మొత్తమంతా ఫీజేనని ఒప్పుకుని రావద్దు. ఫీజు భాగం మాత్రం కట్టక తప్పదు. రెండు మూడు వాయిదాల్లో కడతామని మీ చేత్తో రాసి ఇస్తే, ఒప్పుకునే కళాశాలలు ఉన్నాయి.

సర్టిఫికెట్ల సంగతి వేరు. ఒరిజినల్ సర్టిఫికెట్లను చూసి వెంటనే తిరిగి ఇవ్వాలే గానీ తమ దగ్గర పెట్టుకోరాదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యూజీసీ, 2018 అక్టోబరులోనే స్పష్టంగా చెప్పింది. ఫీజు బాకీ ఉందనేది పిల్ల చదువు కాగితాలను పట్టి ఉంచడానికి కారణం కాదు. ఈ మాట ప్రిన్సిపాలుకు మర్యాదగా, రాతపూర్వకంగా చెప్పి, ఇచ్చిన అర్జీ నకలు మీద ముద్ర వేయించుకోండి. అప్పటికీ వినకపోతే, సోమవారం కడప కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ నకలు జతచేసి అర్జీ ఇవ్వండి.

అమ్మాయికి తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సీటు వచ్చింది. మా ఆయన ఆదోని పత్తి మార్కెట్‌లో గుమాస్తా, ఆదాయం ఏడాదికి 3 లక్షల 60 వేలు. బ్యాంకు అప్పంటే ఇల్లు తాకట్టు పెట్టమంటారేమోనని భయంగా ఉంది.
— ఒక తల్లి, ఆదోని, కర్నూలు జిల్లా

అప్పు కంటే ముందు మాఫీ సంగతి చూడండి. ఎన్ఐటీలలో బీటెక్ బోధన ఫీజు ఏడాదికి 1,25,000 రూపాయలు. కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే అది పూర్తిగా, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ చేస్తారు. మీ ఆదాయానికి మీరు కట్టవలసింది దాదాపు 41,700 రూపాయలు, దానికి తోడు హాస్టలు, ఇతర రుసుములు. ఇందుకు తహశీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం కావాలి. తేదీ పాతబడిన పత్రం తీసుకోరు, కొత్తది తీసుకోండి.

మిగిలిన ఖర్చుకు పీఎం విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా రుణం అడగవచ్చు. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 6న ఆమోదించిన ఈ పథకంలో దేశంలోని ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల్లో (మొదలుపెట్టినప్పుడు అవి 860) సీటు వచ్చిన వారికి తాకట్టు లేకుండా, హామీదారు లేకుండా రుణం ఇస్తారు, కేంద్ర సంస్థలు అందులో ఉన్నాయి. ఏడున్నర లక్షల వరకూ తీసుకునే రుణానికి 75 శాతం దాకా ప్రభుత్వమే బ్యాంకుకు హామీగా నిలబడుతుంది. కాబట్టి ఇంటి పత్రాలు బీరువాలోనే ఉండనివ్వండి, ఎవరైనా అడిగితే ఈ పథకం పేరు చెప్పండి. ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండి సాంకేతిక, వృత్తి విద్యా కోర్సు చదివే వారికి, 10 లక్షల వరకూ రుణంపై చదువు కాలానికి, ఆపై ఒక ఏడాదికి వడ్డీ మొత్తం ప్రభుత్వం భరించే రాయితీ కూడా ఉంది. రుణం మంజూరు కాగానే ఆ రాయితీకి విడిగా దరఖాస్తు చేయాలని గుర్తుంచుకోండి, దానంతట అది రాదు. అవసరమైనంతే తీసుకోండి. మాఫీ పోగా నాలుగేళ్లకు ఎంత కావాలో అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి లెక్క వేయండి. తీర్చవలసింది ఆమె కనుక ఆ అంకె ఆమెకు ఇవాళే తెలియాలి.

పెళ్లయ్యాక చదువు ఆగిపోయింది. దూరవిద్యలో బీఏ కడితే ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తుందా?
— ఒక గృహిణి, పులివెందుల, కడప జిల్లా

రాదు. దూరవిద్య, కరస్పాండెన్స్ కోర్సులకు రాష్ట్ర పథకమూ, పైన చెప్పిన కేంద్ర స్కాలర్‌షిప్పూ రెండూ వర్తించవు. మీ ఊరికి బస్సు దూరంలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంటే, రోజూ వెళ్లి చదివే కోర్సులో చేరడం వీలవుతుందేమో ముందు ఇంట్లో మాట్లాడండి. రెగ్యులర్ విద్యార్థినిగా చేరితే రేషన్ కార్డు, ఆదాయ పరిమితి చూసి మీకూ అందరిలాగే వర్తిస్తుంది. కార్డులో మీ పేరు ఇంకా పుట్టింటి వైపే ఉంటే, చేరేలోపు అత్తింటి కార్డులోకి మార్పించుకోండి.