"ప్రార్థన చేస్తున్నాం అక్కా" అన్న తర్వాత ఏం చెయ్యాలి?

మీ ప్రశ్న చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మీ సంఘంలో ఒక అక్క భర్తకి కిడ్నీలు పాడయ్యాయని, మూడు నెలలుగా డయాలసిస్ జరుగుతోందని, ఆదివారం ఎదురుపడితే "ప్రార్థన చేస్తున్నాం అక్కా" అనడం తప్ప ఏం చెయ్యాలో తోచడం లేదని రాశారు. ఏం మాట్లాడితే ఏం తప్పవుతుందోనని ఈమధ్య ఆవిణ్ణి తప్పించుకుని తిరుగుతున్నానని కూడా ఒప్పుకున్నారు. ఆ అక్క ఉన్న పరిస్థితిలోనే నేను రెండేళ్లు ఉన్నాను. మా ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లి ఇప్పటికి ఆరేళ్లయింది.

ముందు ఆ తప్పించుకోవడం మానెయ్యండి. ఆ రోజుల్లో తడబడుతూ నాతో ఏదో మాట్లాడినవాళ్ల మాటలు ఇప్పుడు ఒక్కటీ గుర్తులేవు. కానీ నాతో ఎప్పుడూ ఒకే బెంచీలో కూర్చునే సిస్టర్ ఒకావిడ, నన్ను చూడగానే ఫోన్ చెవిన పెట్టుకుని పక్కకి తిరిగిపోవడం ఇంకా గుర్తుంది. ఆవిడకి నా మీద ప్రేమ లేక కాదు, మీకున్న భయమే ఆవిడకీ ఉండి ఉంటుంది. ఆ సంగతి నాకు చాలాకాలానికి గానీ అర్థం కాలేదు.

డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు. రానూపోనూ కలిపితే ఆ రోజంతా దానికే పోతుంది. ఇంటికొచ్చేసరికి మనిషిలో ఓపిక ఉండదు, పడుకుంటే చాలనిపిస్తుంది. సరిగ్గా ఆ సాయంత్రాల్లోనే మమ్మల్ని చూడటానికి వచ్చేవారు. ఆయన మర్యాద కోసం లేచి కూర్చునేవారు. గంటసేపు పాటలు, ఒక్కొక్కరుగా పెద్ద గొంతుతో ప్రార్థన. ప్రేమతోనే వచ్చారు, కాదనను. అయితే వాళ్లు వెళ్లాక ఆయన చేతులు వణకడం చూసింది నేనొక్కదాన్నే. అందుకని మీరు వెళ్లేముందు "ఈరోజు రావచ్చా, ఎన్ని గంటలకైతే ఆయనకి కాస్త ఓపికగా ఉంటుంది" అని అడగండి. వెళ్తే పది నిమిషాలు చాలు, ప్రార్థన మెల్లగా చేసినా దేవుడు వింటాడు. పండ్లు, జ్యూసులు కూడా అడక్కుండా తీసుకెళ్లకండి. డయాలసిస్‌లో ఉన్నవాళ్లలో చాలామందికి నీళ్లు కూడా కొలతే. కొన్ని పండ్లలో ఉండే పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం. ఇంటినిండా పండ్లు పెట్టుకుని ఆయన వాటివైపు చూడకుండా పడుకోవడం నాకు చాలా కష్టంగా ఉండేది.

మమ్మల్ని నిలబెట్టినవాళ్లు ఎవరో చెబుతాను. మా సంఘంలో నాకంటే పదేళ్లు పెద్దావిడ ఉన్నారు, అక్కా అని పిలుస్తాను. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నా పక్కన కూర్చుని, బైబిల్లోంచి ఒక కాగితం మడత తీసి నా చేతిలో పెట్టారు. అందులో డయాలసిస్ రోజులు, ఒక్కో రోజు ఎదురుగా ఒక్కో పేరు. "మంగళవారం నాది, గురువారం మా తమ్ముడిది, శనివారం నువ్వు వెళ్దువుగాని. ఆయన పక్కన మేం కూర్చుంటాం, నువ్వు ఆ రెండు రోజులూ ఉద్యోగం చూసుకో" అన్నారు. "ఏమైనా అవసరమైతే చెప్పమ్మా" అని అంతకుముందు ఎంతమంది అన్నారో లెక్కలేదు. నేను ఒక్కరికీ చెప్పలేదు. అడగాలంటే సిగ్గు. పైగా ఏం కావాలో ఆలోచించే ఓపిక కూడా లేదు. ఆ కాగితం వచ్చాక ఆలోచించాల్సిన పని లేకుండా పోయింది. కాబట్టి మీరు "ఏం కావాలి" అని అడగడం కంటే, మీరు నిజంగా చెయ్యగలిగింది ఒకటి ఎంచుకుని "ఇది నేను చేస్తాను, సరేనా" అనండి. పిల్లల్ని స్కూల్నుంచి తీసుకురావడమో, ఇన్సూరెన్స్ కాగితాలు నింపిపెట్టడమో, ఏదైనా సరే.

డబ్బు ఇస్తే బాధపడతారేమో అని మీరు రాశారు. నిజమే, నాకూ మనసు చివుక్కుమనేది, ముఖ్యంగా నలుగురి ముందు ఇచ్చినప్పుడు. ఒకసారి పాస్టర్ గారి చేత ఒక కవరు పంపారు. దాని మీద పేరు లేదు, "తిరిగి ఇవ్వక్కర్లేదు" అని మాత్రం ఉంది. ఆ రాత్రి మేమిద్దరం ఆ కవరు ముందు పెట్టుకుని ఏడ్చాం. అది ఎవరిచ్చారో ఇప్పటికీ తెలియదు. ఎదురుపడిన ప్రతి ఒక్కరినీ వీళ్లేనేమో అనుకుని ప్రేమగా చూశాను చాలాకాలం.

ఇంకో విషయం, ఆవిణ్ణి అడక్కుండా వాళ్లింటి సంగతులు ప్రార్థన విన్నపాల్లో పెట్టకండి. మా ఆయన రిపోర్టులో ఏముందో నాకు పరిచయం లేని ముగ్గురు నాకే చెప్పారు. ప్రార్థన కోసమే అయినా చెప్పాల్సింది వాళ్లు.

ఇక మాటల గురించి. ఒకాయన మా ఇంట్లో కూర్చుని, "ఒప్పుకోని పాపం ఏదో ఉండి ఉంటుంది, పరీక్షించుకోండి" అన్నారు. ఆయన వెళ్లాక మా ఆయన చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నారు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగినప్పుడు, వీడు గానీ వీడి కన్నవాళ్లు గానీ కాదని ప్రభువు చెప్పింది యోహాను 9లో ఉంది. ఆరోజు అది నాకు గుర్తు రాలేదు, వచ్చి ఉంటే ఆయనతో అనేదాన్నే. యోబు స్నేహితులు కూడా మొదట ఏడు రోజులు, ఏడు రాత్రులు అతనితో నేల మీద ఊరికే కూర్చున్నారు. కారణాలు వెతకడం మొదలుపెట్టాకే అతన్ని గాయపరిచారు. మీకు మాటలు రావడం లేదని భయపడుతున్నారు కదా, ఆ ఏడు రోజుల్లో వాళ్లు ఒక్క మాటా మాట్లాడలేదు.

ఒక దశలో నేను ప్రార్థన చెయ్యలేకపోయాను. మోకాళ్లూనితే నిద్ర ముంచుకొచ్చేది, లేకపోతే కోపం. ఇది ఎవరితో అంటే ఏమనుకుంటారోనని దాచుకున్నాను. చివరికి నాకు కాగితం ఇచ్చిన అక్కతోనే అన్నాను. ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. "సరేలేమ్మా, కొన్నాళ్లు ఆ పని మాకొదిలెయ్" అన్నారు. పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చి, పైకప్పు విప్పి దించిన సంగతి మార్కు 2లో చదివాను గానీ, అక్కడ యేసు "వారి విశ్వాసము" చూశాడని ఉన్న మాట అప్పుడే నా కంట్లో పడింది. మంచం మీద ఉన్నవాడు ఏం నమ్మాడో, అసలు నమ్మగలిగే స్థితిలో ఉన్నాడో లేదో అక్కడ రాయలేదు. మోసినవాళ్ల విశ్వాసం గురించి రాసి ఉంది. మీరు "ప్రార్థన చేస్తున్నాం" అనడం ఉత్త మాట కాదు, అందుకే ఆ మాట అంటే నిజంగా చెయ్యండి. ఆ రాత్రే పేరు పెట్టి చెయ్యండి, మర్నాడు "నిన్న మీకోసం ప్రార్థించాను" అని ఒక్క మెసేజ్ పెట్టండి. గ్రూపులో నలభై మంది ఆమేన్ అన్నదానికంటే నాకు అలాంటి మెసేజ్ ఒక్కటి ఎక్కువ ధైర్యమిచ్చేది.

ఆయన పోయాక నెలరోజులు ఇల్లు మనుషులతో నిండిపోయింది. మూడో నెలకి ఎవరూ లేరు. తప్పుపట్టను, ఎవరి జీవితాలు వాళ్లకుంటాయి. కానీ నాకు నిద్ర పూర్తిగా పోయింది అప్పుడే. మాత్రలు వేసుకోవడం అవిశ్వాసమని ఒకరన్నారు. అక్క ఆ మాట పట్టించుకోకుండా నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. చావు కోరుకుని చెట్టుకింద పడుకున్న ఏలీయాకి దేవదూత ముందు భోజనం పెట్టి పడుకోనిచ్చాడని, మళ్లీ లేపి మళ్లీ పెట్టాడని దారిలో చెప్పారు. అది మొదటి రాజులు 19లో ఉంది, చదవండి.

మా పెళ్లిరోజు నాకు తప్ప ఎవరికీ గుర్తుండదనుకున్నాను. ఆయన లేకుండా వచ్చిన మొదటి పెళ్లిరోజున పొద్దున్నే తలుపు తీస్తే అక్క నిలబడి ఉన్నారు. ఏమీ తీసుకురాలేదు. "ఇవాళ నీతో ఉందామని వచ్చాను, ఆయన గురించి చెప్పు" అన్నారు. సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నాను. ఆయన పేరెత్తితే నేను ఏడుస్తానని అప్పటిదాకా అందరూ ఆ పేరే ఎత్తేవారు కాదు.

మీరు ఈరోజే మీ సంఘంలోని ఆ అక్కకి ఫోన్ చెయ్యండి. డయాలసిస్ ఏయే రోజుల్లోనో కనుక్కుని, అందులో మీకు వీలైన ఒక రోజు మీ పేరు చెప్పండి. మొదటిసారి వద్దంటారు, నేనూ అన్నాను. వారం ఆగి మళ్లీ అడగండి.