ఆలన్ నేషన్ ఎవరు, ఆయన చెప్పిన గడ్డి సేద్యం మనకు పనికొస్తుందా?

ఉద్యోగం వదిలేసి ఊళ్లో ఆరెకరాల్లో పచ్చిక పెంచి ఆవుల్ని మేపుదామనుకుంటున్నాను, ఆలన్ నేషన్ అనే అమెరికన్ రాసినవి చదవమని ఎవరో చెప్పారు, ఎవరాయన, మనకు పనికొస్తాయా అని అడిగారు మీరు. మొదటి సగానికి జవాబు నాకు బాగానే తెలుసు, ఆయన పేపరు వెలువడే ఊరి పక్కనే ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. రెండో సగం దగ్గర మీకు నచ్చని మాటలు కొన్ని వస్తాయి, ముందే చెబుతున్నా.

నేషన్ శాస్త్రవేత్త కాదు, ప్రొఫెసరూ కాదు. మిసిసిపీ రాష్ట్రంలో నది ఒడ్డున పత్తి పొలాల మధ్య గ్రీన్‌విల్ అని ఒక ఊరుంది, అక్కడ పశువుల రైతు ఇంట్లో పెరిగారు. స్టాక్‌మన్ గ్రాస్ ఫార్మర్ అని ఇప్పుడు అందరూ పిలిచే నెలవారీ పేపరుకి 1977లో ఎడిటర్ అయ్యారు, 2016 నవంబరులో పోయేదాకా అదే పని. ఆ పేపరు మిసిసిపీ రాజధాని జాక్సన్ పక్కనున్న రిడ్జ్‌ల్యాండ్ నుంచి వచ్చేది. చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండదు, మామూలు న్యూస్‌ప్రింట్, ఆవుల ఫొటోలు, కంచె తీగల ప్రకటనలు. కానీ పశువుల రైతులు కొందరు ఆ పేపర్లని పారెయ్యకుండా దొంతులు దొంతులుగా షెడ్డులో దాచుకోవడం నేను చూశాను, మన ఇళ్లలో పంచాంగాలు కూడా అలా దాచరు.

అసలు ఆ రోజులు ఎలాంటివో చెప్తే గానీ ఆయన గొప్ప తెలియదు. 1971 నుంచి 1976 దాకా అమెరికా వ్యవసాయ మంత్రి ఎర్ల్ బట్జ్. పెద్ద ఎత్తున చెయ్యండి, లేదంటే తప్పుకోండి అన్నదే ఆయన ధోరణి, ఈ కంచె నుంచి ఆ కంచె దాకా మొక్కజొన్నే. ఆ చౌక మొక్కజొన్న అంతా టెక్సాస్, కాన్సస్‌లలోని ఫీడ్‌లాట్లకు, అంటే వేలకు వేల పశువుల్ని దొడ్లలో నిలబెట్టి దాణా పోసే చోటికి చేరింది. యూనివర్సిటీలు, బ్యాంకులు, ట్రాక్టర్ల కంపెనీలు అన్నీ ఒకే పాట. అలాంటప్పుడు ఒక మనిషి కూర్చుని, మేతని కోసి ఎండబెట్టి మోసుకెళ్లి ఆవు ముందు పడెయ్యడమెందుకు, దానికి నాలుగు కాళ్లున్నాయి కదా అనే వాదనని నెల నెలా పేపరు నిండా నడిపితే నవ్వరూ? నవ్వే ఉంటారు. అయినా సుమారు నలభై ఏళ్లు నడిపారు.

ఆ ఆలోచన ఆయన కనిపెట్టింది కాదు. ఆంద్రే వ్వాజాన్ అని ఫ్రెంచి ఆయన 1957లోనే పుస్తకం రాశారు, 1964లో క్యూబాలో పోయారు. ఆయన చెప్పింది చాలా చిన్న సంగతి: ఎకరానికి ఎన్ని పశువులు అన్నది కాదు లెక్క, గడ్డి మీద అవి ఎన్ని రోజులున్నాయి, తర్వాత ఆ గడ్డికి ఎన్ని రోజులు విశ్రాంతి దొరికింది అన్నది లెక్క. కొరికిన గడ్డి మళ్లీ చిగురేసి వేరు బలం పుంజుకోకముందే రెండోసారి కొరికితే చచ్చిపోతుంది, పశువు ఒక్కటైనా సరే. న్యూజీలాండ్‌లో దీన్ని పనిలో పెట్టారు, అక్కడ హామిల్టన్‌లో 1930లలో బిల్ గాలహర్ అనే ఆయన కరెంటు కంచె పరికరం తయారుచేశాడు, అది లేకపోతే ఈ పద్ధతంతా పుస్తకాల్లోనే ఉండిపోయేది. 1984లో అక్కడి ప్రభుత్వం రైతుల సబ్సిడీలన్నీ దాదాపు ఒక్కసారిగా తీసేస్తే, చౌకగా మేపడం తప్ప వేరే దారి లేక ఇంకా రాటుదేలారు. నేషన్ ఇలాంటి దేశాలన్నీ తిరిగి, చూసింది తన కాలమ్‌లో రాసేవారు. ఆలన్స్ అబ్జర్వేషన్స్ అని దాని పేరు. పాఠకులు ముందు తిరగేసేది ఆ పేజీనే.

నాకు ఆ పేపరు పరిచయం చేసింది మాడిసన్ కౌంటీలో, అంటే ఆ రిడ్జ్‌ల్యాండ్ ఉన్న జిల్లాలో, మా కాలనీ వెనక పొలమున్న ముసలాయన. పేరు చెప్పను, సర్ అనేవాణ్ని, మిసిసిపీలో అందరూ అందరినీ అలాగే అంటారు. ఆయనది స్టాకర్ వ్యాపారం. అంటే చలికాలం ముందు పాలు మరిచిన చిన్న దూడల్ని సంతలో కొని, రైగ్రాస్ అనే చలికాలపు పచ్చిక మీద మేపి, వేసవి మొదట్లో బరువెక్కాక అమ్మెయ్యడం. ఒక ఫిబ్రవరి సాయంత్రం కంచె మారుస్తుంటే చూద్దువు రమ్మన్నాడు. నేను వెళ్లేసరికి దూడలన్నీ తీగ దగ్గర వరసగా నిలబడి ఉన్నాయి, ఎవరూ తోలలేదు. తెల్లటి ప్లాస్టిక్ తాడులాంటి తీగ, అందులో సన్నటి లోహపు పోగులు, కాలితో నొక్కితే నేలలో దిగే గుంజలు. ఆయన ఒక గుంజ పీకి తీగ పక్కకి లాగాడు, దూడలు తల ఎత్తకుండా మోకాలెత్తు పచ్చగడ్డిలోకి వెళ్లిపోయాయి. అదిలింపు లేదు, కర్ర లేదు. మా నాయనమ్మ గేదెని చేలో నుంచి ఇంటికి తోలుకురావడానికి ఊరంతా వినపడేలా అరిచేది.

తర్వాత ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఒక రైగ్రాస్ పిలకని గోటితో తుంచి నా అరచేతిలో పెట్టాడు. ఆకులు లెక్కపెట్టమన్నాడు. మూడున్నాయి. ఈ గడ్డి పిలక ఒకేసారి మూడాకులకి మించి పచ్చగా ఉంచుకోదు, నాలుగోది వచ్చిందంటే అడుగున మొదటిది ఎండడం మొదలవుతుంది, కాబట్టి మూడో ఆకు విప్పుకుంటున్నప్పుడు మేపాలి, ముందు మేపితే వేరు నష్టం, ఆలస్యమైతే మేత నష్టం. ఆ తర్వాత పేడ దగ్గరికి తీసుకెళ్లాడు. గుండ్రంగా పడి మధ్యలో చిన్న గుంట ఉంటే మేత సరిపోతోంది. వరసలు వరసలుగా గట్టిగా పేరుకుంటే పీచు ఎక్కువై మాంసకృత్తులు చాలడం లేదు. నీళ్లలా జారిపోతే గడ్డి మరీ లేతగా ఉంది, పక్కన కాస్త ఎండుగడ్డి పెట్టాలి. బూటుతో నొక్కి మరీ చూపించాడు. నాకు ఆశ్చర్యమేమీ అనిపించలేదు, మా నాయనమ్మ కూడా పొద్దున్నే పాలు పితికే ముందు పేడ వంక చూసి ఈ పూట కుడితిలో తవుడు తగ్గించాలి అనేది. తేడా ఏంటంటే ఆవిడకి తెలిసింది ఆవిడతోనే పోయింది, ఈయనకి తెలిసింది ప్రతి నెలా పోస్టులో వచ్చేది. నా కోపమంతా ఇక్కడే.

ఆ రోజు ఆయన ట్రక్కు వెనక తలుపు మీద పెన్సిల్‌తో వేసి చూపించిన లెక్క ఇది, నేషన్ పేపరులో తరచూ కనపడే రకం. ధరలు ఉదాహరణకే. 400 పౌన్ల (పౌను అంటే అరకిలోకి కాస్త తక్కువ) దూడని పౌను 2 డాలర్లకి కొన్నావు, 800 డాలర్లు. 700 పౌన్లయ్యాక పౌను 1.60కి అమ్మావు, 1,120 డాలర్లు. బరువెక్కిన కొద్దీ పౌను ధర తగ్గుతుంది, అది సంత ధర్మం. ఇప్పుడు దూడ పెరిగిన 300 పౌన్లకి నీకొచ్చింది 320 డాలర్లు, పౌనుకి డాలరు పైన ఏడు సెంట్లు, సంతలో బోర్డు మీదున్న 1.60 కాదు. ఆ పౌను పెంచడానికి మేతకీ, మందులకీ, వడ్డీకీ, చచ్చిపోయిన దూడలకీ కలిపి నీకు డాలరు ఖర్చయిందనుకో, సీజనంతా చేసింది ఊరికే వ్యాయామం. గడ్డి మీద మేపితే ఆ ఖర్చు తగ్గుతుంది, అదీ పచ్చిక గొప్ప. పర్యావరణం, ఆరోగ్యం, ఒమేగా-3 అన్నీ తర్వాత. నేషన్ తన స్టాకర్ పుస్తకాన్ని మిసిసిపీలోనే ఉన్న గోర్డన్ హజార్డ్ అనే పశువుల డాక్టరు కథ చుట్టూ రాశారు, ఆయన బ్యాంకు అప్పు లేకుండా దూడల మీద మిగిలిన డబ్బుతోనే 3,000 ఎకరాల గడ్డి పొలం సంపాదించాడు.

అందుకే నేషన్‌ని పచ్చిక ప్రేమికుడు అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన రైతుకి నేర్పింది లెక్క. నువ్వు అమ్మే సరుకు దూడే గానీ నువ్వు పండించేది గడ్డి, దూడ దాన్ని కోసే యంత్రం, కాబట్టి దూడకెంత అని కాదు, ఎకరాకెంత మిగిలింది అని చూసుకో. ఇంత తేలికైన మాటని పట్టుకుని జనం రొమాన్స్ చేసేశారు. 2006లో మైకేల్ పోలన్ అనే అమెరికన్ రచయిత తిండి మీద రాసిన పుస్తకం వచ్చి, నేషన్ పేపరులో రాసే వర్జీనియా రైతు జోయెల్ సలాటిన్ పట్నాల్లో హీరో అయిపోయాక (నేషన్ తర్వాత ఆ పేపరుకి ఎడిటర్ అయింది కూడా ఆయనే) సూపర్ మార్కెట్లో ప్రతి ప్యాకెట్ మీదా గ్రాస్‌ఫెడ్, అంటే గడ్డి మేసిన పశువుది, అన్న ముద్ర. ఆ ముద్రకి ఉన్న ప్రభుత్వ ప్రమాణాన్ని 2016 జనవరిలో అమెరికా వ్యవసాయ శాఖ వెనక్కి తీసుకుంది. మా అపార్ట్‌మెంట్లో తెలుగువాళ్లు గ్రాస్‌ఫెడ్ నెయ్యి అని రెట్టింపు ధర పెట్టి కొని, ఆ ఆవు ఎక్కడ మేసిందో తెలిసినట్టు వాట్సాప్‌లో వాదించుకుంటారు.

ఇక మన దగ్గర. డెయిరీ పెట్టండి, నెలకి లక్ష అని వీడియో, వెనక వీణ మ్యూజిక్, రైతన్న నవ్వుతూ గేదె వీపు నిమురుతుంటాడు. లీటరు పాలకి ఎంత ఖర్చయిందన్నా అని ఒక్క యాంకరూ అడగడు. అడిగితే వీడియో రెండు నిమిషాల్లో అయిపోతుంది కాబోలు. మా బంధువు ఒకతను అలాంటిదే చూసి పెద్ద షెడ్డు, మేత తరిగే చాఫ్ కట్టర్, సూపర్ నేపియర్ గడ్డి కణుపులు అన్నీ కొన్నాడు, గేదెలు తప్ప అన్నీ ఇంకా ఉన్నాయి. వ్యవసాయ పత్రికలు ఉన్నాయి, కాదనను, కానీ ఫలానా మందు కొట్టండి అని చెప్పినంత చురుగ్గా ఫలానాది కొనకండి అని ఎన్ని చెప్తాయి?

మనకి తెలియని విద్యేమీ కాదిది. గొర్రెల మందని రాత్రి చేలో కట్టించుకుని కాపరికి డబ్బో గింజలో ఇచ్చే ఆచారం ఇంకా మన జిల్లాల్లో ఉంది, ఎరువు చేలోనే పడాలి, మంద రోజూ కదలాలి అన్న సూత్రం అందులోనే ఉంది. మిసిసిపీలో రోడ్డు పక్కన మూపురం ఉన్న ఆవుల్ని చూసి మొదట్లో కారాపి ఫొటోలు తీశాను, బ్రాహ్మన్ అంటారు, అందులో మన ఒంగోలు రక్తం ఉంది. బ్రెజిల్ అయితే నెలోర్ అని మన నెల్లూరు పేరే పెట్టి, కోట్ల సంఖ్యలో పచ్చిక మీద మేపుతోంది. మాది ప్రకాశం జిల్లా. మా ఊళ్లో ఇప్పుడు ఒంగోలు గిత్త కనపడేది పందేల ఫ్లెక్సీల మీద.

మీ ఆరెకరాల సంగతి. ఆవుల పచ్చిక వద్దు, మీకు తేలదు. అమెరికా లెక్క దూడని మాంసానికి అమ్మడం మీద నిలబడింది, ఇక్కడ కోడెదూడకి ఆ సంతే లేదు. ఆరెకరాలు నీటి పారుదల ఉన్న నేలైతే దాని కౌలుకే గడ్డి సరిపోదు. వర్షాధారం అయితే జూన్ నుంచి అక్టోబరు దాకా గడ్డి, తర్వాత దుమ్ము. మెట్ట నేలైతే గొర్రెలు చూడండి, అంజన్ గడ్డి, స్టైలో అనే పప్పుజాతి మేత వేసి, గట్ల మీద అవిశ, సుబాబుల్ చెట్లు పెట్టి, నేలని నాలుగు ముక్కలు చేసి మందని తిప్పండి. పొలం కొనకండి, బీడు కౌలుకి తీసుకోండి. మిస్సోరీలో గ్రెగ్ జూడీ అనే రైతు కౌలు భూముల్లో వేరేవాళ్ల పశువుల్ని మేపి నిలదొక్కుకున్న పుస్తకం 2002లో వచ్చింది, అదీ నేషన్ వాళ్ల గ్రీన్ పార్క్ ప్రెస్ వేసిందే. కంచెకి మాత్రం ఎనర్జైజర్ అనే పరికరమే వాడండి, అది క్షణానికోసారి చిన్న షాక్ వదిలి ఆగుతుంది. అడవి పందుల కోసమని మెయిన్ లైను నుంచి నేరుగా తీగకి కరెంటు ఇచ్చేవాళ్లున్నారు మన పల్లెల్లో, మనుషులు చచ్చిపోతున్నారు, అది నేరం కూడా.

నేషన్ పుస్తకాల్లో ఒక్కటే చదివే ఓపిక ఉంటే నాలెడ్జ్ రిచ్ రాంచింగ్ చదవండి, గడ్డి జాతుల గోల తక్కువ, డబ్బు గోల ఎక్కువ. ముసలాయన ఇచ్చిన పాత సంచికలు నా దగ్గర ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. స్కాన్ చేసి పంపమని ఇన్‌బాక్స్‌లోకి రాకండి, పంపను. ఆ పేపరు ఇంకా వస్తోంది, చందా కట్టుకోండి.